సభలో జవాబు వచ్చింది, గడువు దాటిపోయింది

ఈ నెలలో నా ఆఫీసుకు ముగ్గురు వచ్చారు. పెనుకొండ వైపు నుంచి భూమి పోయిన రైతు, ధర్మవరంలో మగ్గం నేసిన మనిషి భార్య, హిందూపురం మార్కెట్‌కు పట్టుగూళ్లు తెచ్చే ఇంకో రైతు. ఎవరి గొడవ వాళ్లది. చేతిలో కాగితం మాత్రం ఒకటే రకం. సభలో అడిగిన ప్రశ్న, దానికి మంత్రి ఇచ్చిన జవాబు, ఎవరో కుర్రాడు ప్రింటు తీసి ఇచ్చాడు. అడుగున 'విషయం పరిశీలనలో ఉంది' అని ఉంటుంది. ఆ ముక్క పట్టుకుని ముగ్గురూ కేసు వేయకుండా కూర్చున్నారు.

ముందే చెప్పేస్తాను. సభలో మంత్రి చెప్పిన మాట జీవో కాదు. అది మీ గడువును ఒక్క రోజు కూడా ఆపదు.

లోక్‌సభలో రోజుకు 20 ప్రశ్నలు నక్షత్ర గుర్తువి, 230 రాతపూర్వక జవాబువి. ఆ 20లోనూ నోటితో జవాబు దాకా వచ్చేవి కొన్నే. మిగతావన్నీ ఢిల్లీలో ఏదో సెక్షన్‌లో గుమాస్తా రాసి, పై అధికారి సరిదిద్ది, మంత్రి పేరుతో బల్ల మీద పెట్టే కాగితాలు. 'పరిశీలనలో ఉంది' అంటే సభ లెక్కలో అది హామీయే. మూడు నెలల్లో తీర్చాలి, హామీల కమిటీ చూస్తుంది. తీరకపోతే శాఖ వాయిదా అడుగుతుంది, కమిటీ ఇస్తుంది. వాళ్ల గడువు పెరుగుతుంది, మీది పెరగదు.

మన జిల్లాలో ఇంకో తమాషా ఉంది. 2024లో పెనుకొండ నుంచి గెలిచిన సవిత చేనేత, జౌళి మంత్రి. ధర్మవరం నుంచి గెలిచిన సత్యకుమార్ యాదవ్ ఆరోగ్య మంత్రి. మంత్రులు సభలో ప్రశ్నలు వేయరు, జవాబు చెబుతారు. అంటే ధర్మవరం నేతగాడి కష్టాన్ని అసెంబ్లీలో ఎవరైనా అడిగితే జవాబు చెప్పవలసింది పెనుకొండ ఎమ్మెల్యే. ఈ మూడు ఊళ్లలో ప్రశ్న వేసే వీలున్నది హిందూపురం ఎమ్మెల్యే బాలకృష్ణకే. పార్లమెంటులోనైతే ఎంపీ పార్థసారథి. 'మా వాడు ఒక్క ప్రశ్న కూడా వేయలేదు' అని తిట్టేవాళ్లు ముందు ఇది చూసుకోవాలి.

ఓట్ల సంగతీ అంతే. 'మన ఎంపీ ఆ బిల్లుకు ఓటేశాడు కద సార్' అంటారు. విప్ జారీ అయ్యాక ఎదురు ఓటేస్తే 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం కింద సీటు పోతుంది. పైగా చాలా బిల్లులు మూజువాణి ఓటుతోనే అయిపోతాయి. డివిజన్ జరిగితేనే పేర్లు రికార్డుకెక్కుతాయి. 2014 ఫిబ్రవరి 18న రాష్ట్ర విభజన బిల్లు లోక్‌సభలో మూజువాణితోనే గట్టెక్కింది, ప్రత్యక్ష ప్రసారం కూడా ఆగిపోయింది. ఆ రోజు ఏ ఎంపీ ఎటు అన్నాడో ఓట్ల పట్టికలో వెతికితే దొరకదు.

రెండు రోజుల తర్వాత రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ అయిదేళ్ల ప్రత్యేక హోదా ఇస్తామన్నారు. ఆ మాట చట్టంలోకి ఎక్కలేదు. 2016 సెప్టెంబరులో హోదా బదులు ప్యాకేజీ వచ్చింది. సాక్షాత్తు ప్రధాని నోటి మాటకే ఆ గతి పడితే, గుమాస్తా రాసిన 'పరిశీలన' పట్టుకుని మీరు ఏ కోర్టు మెట్లెక్కుతారు?

అర్జీ మీద అర్జీ పెట్టినా, దానికి జవాబు వచ్చినా, కాలం చెల్లిన హక్కు మళ్లీ లేచి రాదని సుప్రీంకోర్టు 2008లో సి. జాకబ్ కేసులో తేల్చింది. బాకీ ఒప్పుకుంటే గడువు మళ్లీ మొదలవుతుంది కదా అని కొందరు తెలివిగా అడుగుతారు. అవుతుంది. కానీ అది గడువు లోపలే, సంతకంతో, బాకీ ఉందని ఒప్పుకుంటూ రాసిన కాగితం అయి ఉండాలి. 'పరిశీలిస్తున్నాం' అంటే ఒప్పుకున్నట్టు కాదు.

ధర్మవరం ఆమెది బీమా క్లెయిము. కంపెనీ తిరస్కరించిన నాటి నుంచి వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లు. చేనేత బీమా మీద సభలో ఎవరో అడిగారని విని ఇంట్లో కూర్చుంది. రెండేళ్లు దాటి నాలుగు నెలలయింది. పట్టుగూళ్ల రైతుకు ప్రోత్సాహకం బాకీ. సివిల్ దావాకు మూడేళ్లు, ఇంకా టైముంది. ప్రభుత్వం మీద దావాకు ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి, ఆ రెండు నెలలూ గడువులోంచి మినహాయింపే. నోటీసు ఆ సాయంత్రమే పంపించాను.

పెనుకొండ రైతు కథ మాత్రం నాకు ఒళ్లు మండించింది. 2013 భూసేకరణ చట్టం కింద అవార్డు ప్రకటించిన రోజు ఆయన అక్కడే ఉన్నాడు. పరిహారం చాలదనుకుంటే ఆరు వారాల్లో రెఫరెన్స్ అడగాలి. సరైన కారణం చూపితే మరో ఏడాది వరకు తీసుకోవచ్చు, అంతే. చెక్కు తీసుకునేటప్పుడు 'నిరసనతో' అని రాశాడు, అది ఆయన అదృష్టం. అది రాయకుండా వేలిముద్ర వేసి వచ్చేవాళ్లే ఎక్కువ. ఆఫీసులో అడిగితే, 'పార్లమెంటులో క్వశ్చన్ పడింది, ఆగు' అన్నారట. జీతం తీసుకునే మనిషి అనవలసిన మాటేనా అది?

నా దగ్గరికి వచ్చేసరికి ఆ ఏడాదిలో తొమ్మిది రోజులు మిగిలాయి.

"మంత్రిగారు పరిశీలనలో ఉండాదని చెప్పినారు కద సార్" అన్నాడు.

ఆ జవాబు కాగితం పారేయమనలేదు. ప్రశ్న నంబరు, తేదీ ఉన్న ప్రతి తీసి, ఆలస్యం ఎందుకైందో చెప్పే పిటిషన్‌కు జతచేశాను. ఆ కాగితానికి ఉన్న పని అంతే, సాక్ష్యంగా పక్కన నిలబడటం. రెఫరెన్స్ దరఖాస్తు ఏడో రోజున దాఖలైంది, రసీదు తీసుకున్నాం. ఆలస్యాన్ని మన్నిస్తారో లేదో వచ్చే నెల తెలుస్తుంది.

వెళ్తూ వెళ్తూ అడిగాడు, "ఎంపీగారితో ఇంగోసారి అడిగిస్తే బాగుంటుందేమో సార్?"

"అడిగించు పెద్దాయనా. ముందు ఈ వకాల్తా మీద ఇక్కడొక సంతకం, ఇక్కడొక సంతకం."