సేనాని కోటికలపూడి వెంకట కృష్ణారావు

చతురంగబలములనగా రథములు, ఏనుగులు, గుఱ్ఱములు, కాలిబంట్లు అని మీరు భారతకథలలో చదివియున్నారు. రథములు పోయినవి. ఏనుగులు పోయినవి. గుఱ్ఱములు ఊరేగింపులకు మిగిలినవి. కాలిబంటు మాత్రము నేటికిని యుద్ధభూమిని వీడలేదు. విమానము ఆకాశమునుండి బాంబులు వేయవచ్చును. ఫిరంగి పది మైళ్ళ దూరమునుండి గుండ్లు కురిపింపవచ్చును. అయినను ఒక కొండను గెలిచితిమని చెప్పవలెనన్నచో దాని శిఖరముపై మన కాలిబంటు నిలువవలసినదే. ఈ కాలిబంట్ల సేనకు పదాతిదళమని పేరు.

ఈ దళమున చిన్న యధికారిగా ప్రవేశించి, ఒక్కొక్క మెట్టే యెక్కి, భారత భూసేనకు సర్వాధిపతియైన మొదటి తెలుగువారు జనరల్ కోటికలపూడి వెంకట కృష్ణారావుగారు. ఆయన 1923 జూలై 16వ తేదీన జన్మించిరి. 1981 జూన్ 1వ తేదీనుండి 1983 జూలై 31వ తేదీవరకు ఆ మహాపదవిని నిర్వహించిరి.

మెట్లనుగూర్చి కొంచెము తెలిసికొనిననే గాని ఆయన ప్రయాణ మెంత దూరమో మీకు బోధపడదు. మన ప్రాంతమున మిరపకోతకు వచ్చు కూలీల ముఠాకు ఒక మేస్త్రి యుండును గదా! అట్లే పదిమంది జవానులుగల సెక్షనుకు ఒక హవల్దారు ఉండును. మూడు సెక్షనులు ఒక ప్లటూను. మూడు ప్లటూనులు ఒక కంపెనీ. నాలుగైదు కంపెనీలు కలిసిన పటాలము. దీనినే బెటాలియను అందురు. ఇందు సుమారు ఎనిమిదివందలమంది యుందురు. మూడు పటాలములు ఒక బ్రిగేడు, మూడు బ్రిగేడులు ఒక డివిజను, డివిజనులు కొన్ని కలిసిన కోరు. వీటన్నింటిపైని మండల సేనాధిపతి, ఆపైని సర్వసేనాధిపతి. పటాలము వరకు అధికారికి తన మనుష్యులు ముఖపరిచయముతో తెలియుదురు. ఆపైన వారు సంఖ్యలుగా మారుదురు. ఆ సంఖ్యల వెనుక మనుష్యులున్నారని మరువకుండుటయే పెద్ద యధికారికి కష్టమైన పని.

కృష్ణారావుగారు సైన్యమున అధికారిగా నియమింపబడిన దినము 1942 ఆగస్టు 9. ఆనాటి తెల్లవారుజాముననే బొంబాయిలో గాంధీమహాత్ముని ఆంగ్లప్రభుత్వము నిర్బంధించెను. క్విట్ ఇండియా ఉద్యమము దేశమంతటను రగులుకొనెను. ఒకవైపున యువకులు చెరసాలలకు పోవుచుండగా, మఱియొకవైపున పందొమ్మిదేండ్ల తెలుగు యువకుడు ఆంగ్లేయుల సేనలో ఖాకీ దుస్తులు ధరించెను. ఇది న్యాయమా యని మీరు ప్రశ్నింపవచ్చును. అప్పటికే జపానుసేనలు బర్మాను ఆక్రమించి మన పొలిమేరకు వచ్చియుండెను. అదిగాక, 1947లో స్వరాజ్యము వచ్చిన రెండు నెలలకే కాశ్మీరముపై దాడి జరిగినపుడు దానిని అడ్డగించినవారు ఆ దినములలో ఆయుధవిద్య నేర్చిన ఇట్టి యువకాధికారులే. చెరసాలకు పోయినవాని త్యాగము గొప్పది. సేనలో చేరినవానిని ద్రోహియనుట తగదని నా యభిప్రాయము.

ఆయనను చేర్చుకొన్నది మహార్ రెజిమెంటు. ఈ పేరు వెనుక ఒక చరిత్ర కలదు. మహారులు మహారాష్ట్రదేశమున అంటరానివారని దూరముగా నుంచబడినవారు. వారు పూర్వము ఆంగ్లేయుల సేనలలో పరాక్రమముతో పోరాడిరి. 1818 జనవరి 1వ తేదీన కోరెగాము వద్ద జరిగిన యుద్ధమున మరణించినవారి పేర్లు అచ్చటి శిలాస్తంభముపై చెక్కబడియున్నవి. వానిలో మహారుల పేర్లు అనేకము. అయినను పందొమ్మిదవ శతాబ్ది చివర ప్రభుత్వమువారు, యుద్ధమునకు తగిన జాతులు కొన్నియే యను సిద్ధాంతమును కల్పించి, వీరిని సేనలోనికి తీసికొనుట మానివేసిరి. డాక్టర్ అంబేద్కరుగారి తండ్రి రాంజీ సైన్యమున సుబేదారుగా పనిచేసినవారు. ఆ ద్వారము తన జాతివారికి మూయబడుటను అంబేద్కరు సహింపలేదు. ఆయనయు ఇతరులును చేసిన కృషివలన 1941 అక్టోబరులో బెల్గాములో మహార్ రెజిమెంటు స్థాపింపబడెను. కృష్ణారావుగారు దాని రెండవ పటాలమున చేరునప్పటికి ఆ రెజిమెంటునకు ఏడాదియైనను నిండలేదు.

పల్నాటివారమైన మనకు ఈ విషయము క్రొత్తగా తోపరాదు. పిడుగురాళ్లకు అనతిదూరమున నాగులేటి యొడ్డున కారెంపూడి కలదు. అచ్చటి వీరుల గుడిలో నేటికిని కార్తికమాసాంతమున పల్నాటి వీరుల యుత్సవము జరుగును. బ్రహ్మనాయుడు సర్వకులములవారిని ఒక్కపంక్తిని కూర్చుండబెట్టి చాపకూడు పెట్టించెననియు, మాల కన్నమదాసును తన సేనానిగా నియమించెననియు మనమందఱము విన్న కథయే. కులముచేత వీరుని కొలువరాదని పన్నెండవ శతాబ్దిలోనే తెలిసినవారు తెలుగుదేశమున నుండిరి. ఆ నేలయందే తరువాతి కాలమున ఊరిబావి కొందఱికి నిషిద్ధమయ్యెనన్నది వేఱుమాట.

యుద్ధకాలమున కృష్ణారావుగారు బర్మాలోను, వాయవ్య సరిహద్దునను, బలూచిస్తానమునను పనిచేసిరి. 1947లో దేశవిభజన జరిగినపుడు పంజాబులో ఉండిరి. పగవానితో పోరు నేర్చిన సైనికుడు అచ్చట తన దేశీయులను తన దేశీయులనుండియే కాపాడవలసివచ్చెను. అటుపిమ్మట 1947-48 కాశ్మీరయుద్ధమున ఒక కంపెనీని నడపిరి. 1949నుండి 1951వరకు జాతీయ రక్షణ విద్యాలయమున తొలి ఉపాధ్యాయులలో ఒకరుగా నుండిరి. ఆ విద్యాలయము అప్పుడు డెహ్రాడూనులో ఉండెను. పూనా సమీపమునగల ఖడక్వాస్లాకు తరువాత తరలినది. పిమ్మట మూడవ మహార్ పటాలమునకు అధిపతియైరి. మంచి ఉపాధ్యాయుడు మంచి సేనానియగునో కాదో గాని, మంచి సేనాని యెప్పుడును కొంత ఉపాధ్యాయుడుగా నుండును. ఉపాధ్యాయవృత్తిలో నెరసినవాడను గనుక నాకు ఈ పక్షపాతము కొంత కలదు.

1965-66లో లడఖులో ఒక బ్రిగేడును నడపిరి. లేహ్ పట్టణమే పదునొకండువేల అడుగులకు పైబడిన యెత్తున నున్నది. కావలిస్థానములు అంతకంటె మీదివి. అచ్చట గాలి పలుచన. నాలుగడుగులు వేసినచో ఆయాసము వచ్చును. 1962లో చీనాతో జరిగిన యుద్ధమున తగిన దుస్తులు, దారులు, ఆయుధములు లేక మన జవానులు పడిన పాట్లు అప్పటికింకను పచ్చిగాయమువలె నుండెను. 1969-70లో ఆయన జమ్మూలో ఒక పదాతి డివిజనునకు నాయకులైరి. తరువాత ఈశాన్య సరిహద్దున 8వ పర్వత డివిజను ఆయన చేతికి వచ్చెను.

ఇక ఆయన జీవితమున ముఖ్యమైన పరీక్షనుగూర్చి చెప్పవలెను. 1971 మార్చి చివర పాకిస్తాను సైన్యము తూర్పు బంగాళములోని తన ప్రజలపైననే కత్తి దూసెను. సుమారు కోటిమంది శరణార్థులు మన దేశమునకు వచ్చిరి. డిసెంబరు 3వ తేదీన పాకిస్తాను విమానములు మన విమానాశ్రయములపై దాడిచేయగా పూర్ణయుద్ధము ప్రారంభమయ్యెను. కృష్ణారావుగారి డివిజనునకు సిల్హెట్ ప్రాంతము అప్పగింపబడెను.

సిల్హెట్ తేయాకుతోటల సీమ. ఏఱులు, మడుగులు, బురదనేలలు అడుగడుగున నడ్డు వచ్చును. మన దివిసీమలోని లంకలను చూచినవారు దానిని కొంత ఊహింపగలరు. ముఖ్యపట్టణము సుర్మానది యొడ్డున నున్నది. డివిజనులోని రెండు బ్రిగేడులు సరిహద్దు ఠాణాలను ఒక్కొక్కటిగా గెలుచుచు ముందునకు సాగెను. ఈ పోరులలో ఐదవ గూర్ఖా రెజిమెంటుయొక్క నాల్గవ పటాలము ఆట్‌గ్రామ్, గాజీపూర్ అను చోట్ల గెలిచెను. కాని అధికారులను, జవానులను అనేకులను కోల్పోయెను. మిగిలినవారు ఐదువందలలోపు. వారికి కంటినిండ నిద్రలేదు.

ఆ సమయమున సిల్హెట్‌లోని శత్రుసేన ఢాకా రక్షణకు వెడలిపోయినదని ఒక వార్త వచ్చెను. ఆ రంగమునకు కోరు అధిపతియైన లెఫ్టినెంటు జనరల్ సగత్ సింగ్ వెంటనే ఒక సాహసమునకు పూనుకొనెను. డిసెంబరు 7వ తేదీన ఈ గూర్ఖాపటాలమును హెలికాప్టర్లలో నది దాటించి పట్టణసమీపమున దింపవలసినదని ఆజ్ఞ. మన భూసేన శత్రువు చెంతకు ఇట్లు ఆకాశమార్గమున దిగుట అదియే మొదలు. రెండుదినములలో మిగిలిన సేన భూమార్గమున వచ్చి కలిసికొనునని వారికి చెప్పిరి.

వచ్చిన వార్త తప్పు. శత్రువు వెడలిపోలేదు. పైపెచ్చు మౌల్వీబజారునుండి వెనుకకు తగ్గిన మఱియొక బ్రిగేడు కూడ సిల్హెట్‌కే వచ్చి చేరెను. మొదటి హెలికాప్టర్లు దిగుచుండగానే గుండ్లు కురిసెను. గూర్ఖాలు తమ కుక్రీలు దూసి చేతి యుద్ధమునకు దిగిరి. విడతలు విడతలుగా దిగిన ఆ కొలదిమంది అనేక రెట్ల బలముగల సేన యెదుట నిలిచిరి. వారిని రక్షించినవి మూడు: వారి పట్టుదల, మన విమానముల సహాయము, ఒక పొరపాటు. అచ్చట దిగినది ఒక బ్రిగేడని విదేశీ రేడియోలో వార్త వెలువడెను. పాకిస్తాను అధికారులు దానిని నమ్మిరి. పటాలపు అధిపతియైన లెఫ్టినెంటు కర్నల్ హరోలీకర్ ఆ నమ్మకము చెడకుండునట్లు తన మనుష్యులను వెడల్పుగా నిలిపెను.

రెండుదినములన్నది ఎనిమిది దినములకు పైబడెను. ఆ దినములలో డివిజను అధిపతికిగల భారమెట్టిదో ఆలోచింపుడు. ముందున్న పటాలమునకు తిండి, మందుగుండు హెలికాప్టర్లలోనే చేరవలెను. గాయపడినవారు వానిలోనే వెనుకకు రావలెను. వారి ప్రాణములు నిలుచుట, బురదదారులలో, కూల్చిన వంతెనలపైని, మిగిలిన బ్రిగేడులను ఎంత వేగముగా నడపగలమన్న దానిపై ఆధారపడియుండెను. తొందరపడినచో అక్కడ చచ్చెడివారు వేఱు. ఆలసించినచో ఇక్కడ చచ్చెడివారు వేఱు. సేనాపతి వ్రాయు ఆజ్ఞ ఒక్క పంక్తి. ఆ పంక్తికి వెల కట్టువారు జవానులు.

ఆ పటాలములోని మేజరు ఇయాన్ కార్డోజో మందుపాతరపై అడుగిడగా కాలు నుజ్జయ్యెను. వైద్యుడును మత్తుమందును లేకుండుటచే ఆయన తన కుక్రీతో తానే కాలు ఖండించుకొనెను. తరువాత పట్టుబడిన పాకిస్తాను వైద్యుడే ఆయనకు శస్త్రచికిత్స చేసెను. కొయ్యకాలితోనే ఆయన ముందునకు సాగి, ఒక పటాలమును, ఒక బ్రిగేడును నడపి, మేజరు జనరలై విరమించెను.

డిసెంబరు మధ్యకు కృష్ణారావుగారి దళములు సిల్హెట్‌ను చుట్టుముట్టెను. 16వ తేదీన ఢాకాలో పాకిస్తాను సేన లొంగిపోయినది. సిల్హెట్‌లోను ముగ్గురు బ్రిగేడియర్లతో సహా ఆరువేలకు పైగా సైనికులు ఆయుధములు దించిరి. కృష్ణారావుగారికి పరమ విశిష్ట సేవాపతకము లభించెను.

జయము వచ్చినపిమ్మట లోపములను వెదకువారు అరుదు. కృష్ణారావుగారు అట్టి పనికే నియమింపబడిరి. 1975లో సైన్యపు పునర్వ్యవస్థను పరిశీలించుటకు ఏర్పడిన సంఘమునకు ఆయన అధ్యక్షులు. రాబోవు ఇరువది, ముప్పది యేండ్లలో సైన్యమెట్లుండవలెనో ఆ సంఘము ఆలోచించెను. మైదానములలో కాలిబంటు కవచముగల వాహనములపై కదలవలెనని ఆనాడు పెరిగిన యాలోచన 1979లో యంత్రసజ్జిత పదాతి రెజిమెంటుగా రూపొందెను. జమ్మూ ప్రాంతమున కోరు నాయకత్వము, ఉపసేనాధిపత్యము, పశ్చిమ మండల సేనాధిపత్యము వరుసగా నిర్వహించి, 1981లో ఆయన భూసేనాధిపతియైరి.

ఉద్యోగవిరమణానంతరము 1984నుండి 1989వరకు నాగాలాండు, మణిపురము, త్రిపుర రాష్ట్రములకు గవర్నరుగా నుండిరి. 1989 జూలైలో కాశ్మీరమునకు గవర్నరుగా వెళ్ళి, 1990 జనవరిలో పదవిని వీడిరి. 1993 మార్చిలో మరల అచ్చటికే పంపబడిరి. ఆ సంవత్సరము శ్రీనగరములోని హజరత్‌బల్ మసీదులో ఉగ్రవాదులు చేరగా సేన చుట్టుముట్టెను. నెలరోజులకు పైబడిన ముట్టడి మసీదునకు హాని లేకుండ ముగిసెను. అన్నియు అట్లు ముగియలేదు: 1995 మేలో చరారె షరీఫు దర్గా కాలిపోయెను. అదే యేడు జనవరి 26వ తేదీన జమ్మూలో ఆయన గణతంత్రోత్సవ ప్రసంగము చేయుచుండగా బాంబులు ప్రేలి పలువురు మరణించిరి. ఆయన బ్రతికి బయటపడి, 1998 మేవరకు ఆ పదవియందే నిలిచిరి. 1996లో అచ్చట చాలకాలమునకు శాసనసభ ఎన్నికలు జరిగి ప్రజాప్రభుత్వ మేర్పడుట ఆయన కాలముననే.

ఆయన ఆంగ్లమున రెండు గ్రంథములు వ్రాసిరి. రెండవది 2001లో వెలువడిన స్వీయజ్ఞాపకములు. మొదటిది 1991లో వెలువడిన దేశరక్షణ గ్రంథము. దాని పేరునకు ‘సిద్ధపడుము, లేదా నశింపుము’ అని యర్థము. లడఖు చలిని, సిల్హెట్ బురదను చూచివచ్చినవాడు అంతకంటె మెత్తని పేరు పెట్టడు. కృష్ణారావుగారు 2016 జనవరి 30వ తేదీన ఢిల్లీలో, తొంబదిరెండేండ్ల వయస్సున, సైనికుల యాసుపత్రిలో కన్నుమూసిరి.