ఈస్ట్ బయోడీజిల్: ఇంధనాన్ని కాదు, పనితనాన్ని నమ్ముకోండి

ఈస్ట్‌తో బయోడీజిల్ తీసే కంపెనీలో ఉద్యోగం దొరుకుతుందని బయోటెక్నాలజీలో చేరితే నిరాశ తప్పకపోవచ్చు. ఆ పని నేర్చుకోవడానికి చేరితే మాత్రం నష్టపోరు. ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. బ్రెడ్డులో వేసే ఈస్ట్ పెద్దగా నూనె దాచుకోదు. యారోవియా లిపోలిటికా, రోడోటోరులా టోరులాయిడెస్ వంటి జాతుల తీరు వేరు. నత్రజని తగ్గించి చక్కెర పుష్కలంగా అందిస్తే అవి పెరగడం మానేసి, తిన్నదాన్ని కొవ్వుగా నిల్వ చేసుకుంటాయి. పరిస్థితులు అనుకూలిస్తే పొడి బరువులో సగానికి పైగా నూనే ఉంటుంది. దాన్ని మిథనాల్‌తో చర్య జరిపితే బయోడీజిల్, దాంతోపాటు గ్లిసరాల్ వస్తాయి. అయితే కిలో గ్లూకోజు నుంచి సిద్ధాంతరీత్యా దాదాపు 320 గ్రాములకు మించి నూనె రాదు. ఆచరణలో 200 గ్రాములు వస్తే మంచి దిగుబడే. అంటే కిలో నూనెకు ఐదు కిలోల చక్కెర కావాలి. కొన్న చక్కెరతో ఇది గిట్టుబాటు కాదు కాబట్టే వరిగడ్డి, హోటళ్లలో మిగిలిన ఆహారం, బయోడీజిల్ ప్లాంట్లలో మిగిలే ముడి గ్లిసరాల్ వైపు పరిశోధకులు చూస్తున్నారు.

అసలు చదువు మొదలయ్యేది ఇక్కడే. వ్యర్థం చవకే గానీ ఒక రోజు ఉన్నట్టు మరో రోజు ఉండదు. గడ్డిని ఆమ్లంతో, వేడితో విడగొడితే చక్కెరలతో పాటు ఈస్ట్‌ను అణచే ఫర్ఫ్యూరాల్ కూడా పుడుతుంది. ముడి గ్లిసరాల్‌లో మిథనాల్, సబ్బు, లవణాలు కలిసి ఉంటాయి. ఈస్ట్‌ను పెంచే పాత్ర అయిన ఫర్మెంటర్‌లో గాలి సరిపోకపోతే ఈస్ట్ పెరుగుదల కుంటుపడుతుంది. చివర్లో కణాలను పగలగొట్టి నూనె రాబట్టడం మరో ఖర్చు. ఒక్కో చిక్కుకూ మైక్రోబయాలజిస్టో, కెమికల్ ఇంజినీరో, గ్యాస్ క్రోమటోగ్రఫీ తెలిసిన కెమిస్టో కావాలి.

వాడిన వంటనూనె చవకగా దొరుకుతుంటే ఈస్ట్ ఎందుకని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ 2018 జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలంది. దేశం వాడే డీజిల్‌తో పోలిస్తే వంటింట్లో మిగిలే నూనె చాలా తక్కువ. విద్యుత్ వాహనాలొస్తే ఇదంతా వృథా కాదా అన్నది మరో సందేహం. ఇంధనం మారినా ఫర్మెంటర్ నడిపే నేర్పు వృథా కాదు. ఎంజైములకూ టీకాలకూ అదే కావాలి, హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో దానికి గిరాకీ ఉంది.

పీజీకి గ్యాట్-బి, గేట్ ప్రవేశ పరీక్షల దారులున్నాయి. కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకింగ్ కన్నా ముందు ఒక్కటి అడగండి: ఫర్మెంటర్‌ను విద్యార్థుల చేత నడిపిస్తారా, అద్దం వెనక చూపిస్తారా?