డీజిల్ ఇంజను మొరాయించినపుడు

నెల్లూరు సీమలో డీజిల్ ఇంజనుతో పనిలేని యిల్లు అరుదు. పొలము దున్ను ట్రాక్టరు, కృష్ణపట్నపు రేవునకు సరకు మోయు లారీ, కరెంటు పోయిన రాత్రి రొయ్యల గుంటలలో గాలిచక్రములను త్రిప్పు జనరేటరు, అన్నియు దానిమీదనే యాధారపడి యున్నవి. గుంటనీటిలో ప్రాణవాయువు తెల్లవారుజాముననే మిక్కిలి తక్కువగా నుండును. ఆ వేళ ఇంజను కదలనిచో కొన్ని గంటలలోనే పంట యంతయు చేజారిపోవచ్చును. కాబట్టి అది యెట్లు మేలుకొనునో మన విద్యార్థులు తెలిసికొనదగియున్నది.

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఆవిరిని అంటించును. డీజిల్ ఇంజనులో రవ్వయే లేదు. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గు పట్టణమున నడిపి చూపిన యంత్రపు రహస్యమంతయు గాలిని నొక్కుటయందే యున్నది. సైకిలునకు గాలి కొట్టునపుడు పంపు అడుగుభాగము వేడెక్కుట మీరెఱిగినదే. అట్లే సిలిండరులోని గాలిని పదునెనిమిదింట నొకవంతునకు నొక్కినచో నది 500 డిగ్రీలకు మించి కాగును. ఆ గాలిలోనికి ఇంజెక్టరు డీజిల్‌ను సన్నని తుంపరగా చిమ్మగా అది తనంతట తానే అంటుకొనును. ఇంజను నెమ్మదిగా తిరిగినచో ఆ వేడి సిలిండరు గోడలలోనికి పోవును. పిస్టను రింగులు అరిగియున్నచో నొక్కిన గాలి ప్రక్కలనుండి జారిపోవును. చమురు అందనిచో అంటుకొనుటకు ఏమియు నుండదు. బండి కదలకపోవుటకు గల కారణములలో పెక్కు వీనిలో నేదో యొకదానిక్రిందికి వచ్చును.

తాళము త్రిప్పినపుడు ముందు చెవియొగ్గి వినుడు. టక్కుమని ఆగినను, మూలుగుచు తిరిగినను బ్యాటరీని చూడవలెను. నిండుగా ఛార్జియున్న 12 వోల్టుల బ్యాటరీ మీటరుపై 12.6 వరకు చూపును. 12 చూపినచో దాదాపు ఖాళీయైనట్లే. విదేశపు పుస్తకములు మొట్టమొదట హీటరు ప్లగ్గులను పరీక్షింపుమనును. అది చలిదేశములకు తగిన మాట. వేసవిలో 40 డిగ్రీలు దాటు మన యూళ్లలో నేనైతే బ్యాటరీ టెర్మినళ్లనే ముందు చూతును. సముద్రపు ఉప్పుగాలికి వానిపై తెల్లగను నీలముగను పొక్కు కట్టును. ఎర్తు వైరును ముందుగా విప్పి, వేడినీటితో కడిగి, గరుకు కాగితముతో రుద్ది, వాసెలీను పూసి బిగించినచో పలుమారు పని తీరును. పొక్కు కడిగిన పోవు దోషమునకు క్రొత్త బ్యాటరీ కొనువారును గలరు!

ఇంజను చురుకుగా తిరిగియు అంటుకొననిచో పొగగొట్టము వైపు చూడుడు. తెల్లని పొగ వచ్చినచో చమురు చేరుచున్నదిగాని వేడి చాలుట లేదని యెఱుంగునది. ఏ పొగయు లేనిచో చమురే చేరుట లేదు. అప్పుడు స్టార్టరును మాటిమాటికి నొక్కుట తగదు. ఒక్కొక్క మారు పది పదునైదు సెకనులకు మించక, నడుమ నిమిషమైన విశ్రాంతి నీయవలెను.

చమురు చేరకుండుటకు మిక్కిలి సామాన్యమైన కారణమును మెకానిక్కులు ‘గాలి పట్టినది’ అందురు. ట్యాంకు ఖాళీయైనను, ఫిల్టరు మార్చినను, గొట్టము ఎచ్చటనైన పగిలినను లోపల గాలి చేరును. పాతరకపు ఇంజెక్టరు తెఱచుకొనుటకు సుమారు 200 అట్మాస్ఫియర్ల ఒత్తిడి కావలెను. పంపు నెట్టినపుడు చమురు నలుగక ముందునకు పోవును. గాలి యైతే నలిగి ఊరకుండును. ఫిల్టరుపైనున్న మరను వదులు చేసి, చేతిపంపును కొట్టుచుండగా మొదట నురుగు, పిమ్మట బుడగలు, తుదకు నిర్మలమైన ధార వచ్చును. అప్పుడు మరను బిగింపవలెను. పాత ఇంజనులకు ఇంజెక్టరు గొట్టముల నట్టులను గూడ కొంచెము వదులు చేసి గాలి వెడలింతురు. ఈ పనిని నేటి కామన్‌రైలు బండ్లలో ఎన్నడును చేయరాదు. అందలి ఒత్తిడి 1000 అట్మాస్ఫియర్లను మించును. ఆ ధార సూదివలె చర్మములో దూరును. గాయము చుక్కంతయే కనబడినను వెంటనే శస్త్రవైద్యుని చూపనిచో చేతికే మోసము.

చమురులో నీరున్నదేమో చూచుటకు ఫిల్టరు అడుగునుండి కొంత గాజుసీసాలోనికి దింపుడు. డీజిల్ తేలికయైనది గనుక నీరు క్రిందికి దిగి గీతవలె వేరుగా కనబడును.

నీటి వలన మఱియొక గొప్ప ప్రమాదము కలదు. 2021 నవంబరులో పెన్న పొంగినపుడు పడుగుపాడు వద్ద జాతీయ రహదారియు రైలుమార్గమును దెబ్బతిన్నవి. అట్టి వరదలో మునిగిన బండిని నీరు తీసిన వెంటనే కదలించి చూడవలెనని యెల్లరకు తోచును. సిలిండరులో నీరు చేరియున్నచో అది గాలివలె నలుగదు. స్టార్టరు నొక్కగానే పిస్టను ఆ నీటిని ఢీకొని కనెక్టింగ్ రాడ్డు వంగును, ఇంజను పాడగును. తాళమును ముట్టక ముందు బ్యాటరీ వైరు తీసి, ఎయిర్ ఫిల్టరు తడిసెనేమో చూడవలెను. నూనె పుల్లను తీసి చూచినపుడు నూనె పాలు కలిపిన కాఫీ రంగున నున్నచో లోపల నీరు చేరినట్లే. మెకానిక్కు ఇంజెక్టర్లనుగాని హీటరు ప్లగ్గులనుగాని విప్పి, ఇంజనును చేతితో మెల్లగా త్రిప్పినచో ఆ రంధ్రములనుండి నీరు బయటికి చిమ్మును. ట్యాంకు కడిగించి, ఫిల్టర్లు, నూనె మార్చిన పిమ్మటనే స్టార్టరు నొక్కవలెను. ఆ క్రొత్త నూనెను సైతము కొలదిసేపు నడిపి మరల మార్చుట మేలు. లోపల మిగిలిన తేమ దానితో వెలికి వచ్చును.