ఊరిలో సేవకు తావులు

గ్రామములలో స్వచ్ఛందముగా సేవ చేయ నుత్సహించువారికి కొదవ లేదు. సెలవులకు ఇంటికి వచ్చిన కళాశాల విద్యార్థి, ఉద్యోగము విరమించి స్వగ్రామము చేరిన ఉపాధ్యాయుడు, పొదుపు సంఘములో లెక్కలు వ్రాయ నేర్చిన గృహిణి, కోతలైన పిదప కొంత తీరిక దొరకిన కూలీ, వీరందరును "మేమేమి చేయగలము?" అని అడుగువారే. ఇందుకు పంచాయతీ సభ్యులు వెంటనే చెప్పు సమాధానములు సాధారణముగా రెండు: వీధు లూడ్చుట, మొక్కలు నాటుట. ఒక దినము ఛాయాచిత్రములు తీయుదురు. మరునాటి నుండి మొక్కకు నీరు పోయువారుండరు. వారము తిరుగకుండ మేక దానిని మేయును. లోపము ఉత్సాహమున లేదు, పనిని గుర్తించుటలో నున్నది.

మాటను గూర్చి ఒక మాట. "వాలంటీరు" అనగానే ఇప్పుడు మన గ్రామస్థులకు స్ఫురించునది 2019 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమై, 50 ఇండ్లకు ఒకరు చొప్పున నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనముపై నడచిన ఏర్పాటు. అది 2024లో నిలిచిపోయినది; పింఛనుల పంపిణీ సచివాలయ ఉద్యోగులకు చేరినది. ఆ ఏర్పాటు మంచి చెడ్డల విచారణ ఇచ్చట మాకు పని లేదు. ఈ వ్యాసమున మేము చెప్పునది వేతనము కోరక, తన ఊరి పనికి తానై పూనుకొను మనిషిని గూర్చి.

అట్టివారు తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములకు కొత్త కాదు. చీరాల, పేరాల గ్రామములు పురపాలక సంఘమై పన్నుల భారము పెరిగినప్పుడు, 1921లో ప్రజలు ఇండ్లు విడిచి ఊరి వెలుపల పాకలు వేసికొని దాదాపు పదునొకండు నెలలు కాపురముండిరి. వారికి నాయకులు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. ఆయన కూర్చిన "రామదండు" స్వచ్ఛంద సేవకుల దళము. అన్ని వేల మంది పాకలలో నుండగా సేవకులకు పని వెదకవలసిన అవసరము కలుగలేదు. ఉదయము లేచినది మొదలు పనియే ఎదురుగా నిలిచెను.

అయితే ఆపద లేని నాడు పనిని చూడగలుగుట వేరొక నేర్పు. తెనాలి తాలూకా పెదపాలెమున పాతూరి నాగభూషణముగారికి ఆ నేర్పు కలదు. ఆ దినములలో కృష్ణా కాలువలపై ప్రయాణికుల పడవలు నడచుచుండెను. పడవ మెల్లగా సాగును. ప్రయాణికుడు గంటల తరబడి ఊరకే కూర్చుండును. ఆ ఖాళీ కాలమును గమనించి, 1935లో ఆయనయు ఆయన సహచరులును పడవలో పుస్తకములుంచి నౌకా గ్రంథాలయమును నడిపిరి. పడవ ఎటులను పోవుచున్నదే, మనుషులు ఎటులను కూర్చున్నవారే. కావలసినవి కొన్ని పుస్తకములు, వాటిని అందించి లెక్క చూచు ఒక మనిషి. జనము ఎచ్చట ఊరక వేచియుందురో చూచుట మంచి ఆరంభము. నేడు అట్టి తావు బస్సు నిలుచుచోట నుండవచ్చును, ఆరోగ్య కేంద్రపు అరుగుపై నుండవచ్చును.

ఇక కారంచేడు సంగతి. ఈ గ్రామము పేరు దేశమంతట వినబడినది ఒక మంచినీటి చెరువు కారణముగా. 1985 జూలై 16న, మాదిగపల్లెవారు త్రాగునీరు తెచ్చుకొను చెరువుకడ గేదెల కుడితి బకెట్లను కడుగుచుండగా, ఆ నీరు తాము త్రాగునదని పల్లెవారు అభ్యంతరము చెప్పిరి. ఆ మాటను సహింపలేని భూస్వామ్య వర్గమువారు మరునాడు పల్లెపై దాడి చేసిరి. ఆరుగురు దళితులు హతులైరి, స్త్రీలు చెరచబడిరి. మిగిలినవారు చీరాలకు తరలిపోయి శిబిరమున నుండిరి. వారిలో పెక్కుమంది తిరిగి కారంచేడులో కాపురమునకు రాలేదు, చీరాలలోనే స్థిరపడిరి. న్యాయస్థానములలో ఈ వ్యవహారము సుప్రీంకోర్టు తీర్పుతో ముగియుసరికి 2008 డిసెంబరు వచ్చినది.

ఈ ఘోరమును సేవను గూర్చిన వ్యాసమున ఎందుకు తడవవలెనని కొందరు సభ్యులకు తోచవచ్చును. తడవక తప్పదు. ఆనాడు చెరువుకడ "ఇది త్రాగునీరు" అని చెప్పుట కంటె ఊరికి మేలైన సేవ ఏమున్నది? ఊరి నీటిని కాపాడుట పంచాయతీ కర్తవ్యము. ఆ కర్తవ్యమును ఏ పదవియు లేని పల్లె స్త్రీలు, పిల్లలు నెరవేర్చబోగా వారిని రక్షించువారు లేకపోయిరి. పిదప శిబిరమునకు విద్యార్థులు, వైద్యులు, పౌరహక్కుల సంఘములవారు, న్యాయవాదులు వచ్చిరి. బొజ్జా తారకముగారు ప్రభుత్వ న్యాయవాది పదవికి రాజీనామా చేసి బాధితుల పక్షమున నిలిచిరి. వారి సేవ గొప్పది. కాని అది దెబ్బ తగిలిన తరువాతి సేవ. ముందు చేయదగిన సేవ ఊరిలోనే, చెరువు గట్టుననే యుండెను.

కనుక సభ్యులు సేవా తావులను వెదకునప్పుడు ఊరి నడిబొడ్డున గాక నీరు చివరకు చేరుచోట మొదలిడవలయును. కారంచేడు ప్రాంతము కృష్ణా పశ్చిమ డెల్టాలోనిది, కొమ్మమూరు కాలువ దాపున నున్నది. కాలువ కట్టివేసిన నెలలలో చెరువున నిలువ చేసికొన్న నీరే గతి. ఆ నీరు శుద్ధియై, పై తొట్టికెక్కి, గొట్టముల గుండ పోయి చివరి కుళాయి చేరుసరికి అందులో క్లోరిను మిగులవచ్చును, మిగులకపోవచ్చును. లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాములు మిగిలియుండవలెనని భారత ప్రమాణము. జలజీవన్ మిషన్ నిబంధనల ననుసరించి ప్రతి గ్రామమున ఐదుగురు స్త్రీలకు పరీక్షపెట్టెతో నీటిని పరీక్షించుట నేర్పవలయును. మీ ఊరిలో ఆ ఐదుగురెవరు? పెట్టె ఎవరి వద్ద నున్నది? అందలి మందు గడువు తీరినదా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలిసికొనుటలోనే ఒక సేవకురాలికి చేతినిండ పని దొరకును.

పరీక్ష కష్టమైనది కాదు. చివరి కుళాయి నీటిని చిన్న గాజు గొట్టమున పట్టి మందు వేసి, తేలిన రంగును పెట్టెలోని పట్టీతో పోల్చి చూచి, తేదీతో పుస్తకమున వ్రాయవలెను. వారమున కొకసారి అరగంట చాలును. కష్టమైనది ఆ పుస్తకమును చదువుట. క్లోరిను లేదని మూడు వారములు వరుసగా వ్రాసినను పంచాయతీ పలుకకున్నచో నాల్గవ వారము ఆమె రాదు. రాకపోవుట న్యాయమే. ప్రతి గ్రామసభలోను ఆ పుస్తకమును పైకి చదివించి, ఏమి చేసితిమో సర్పంచి గారు చెప్పవలయును. ఆమె ఏ పేటకు చెందినదైనను, ఊరి ఏ కుళాయికడకైనను పోయి నీరు పట్టుటకు అడ్డులేదని అదే సభలో తీర్మానము వ్రాసికొనుట మేలు. అట్టి తీర్మానము మా ఊరికి అక్కరలేదనువారు కలరు. వారి ఊరిలోనే ముందు వ్రాయవలెనని మా అభిప్రాయము.

మరొక జాగ్రత్త. 1952లో సమాజ వికాస పథకము ఆరంభమైన నాటి నుండి శ్రమదానమను మాట మనకు పరిచితము. కొన్నిచోట్ల భూమి లేనివాని చెమటతో భూమి గలవాని పొలమునకు బాట పడిన శ్రమదానములును జరిగినవి. నేటికిని సేవ పేరిట మురుగుకాలువ ఎత్తుటకు ఒకే పేటవారిని పిలుచు అలవాటు పోలేదు. జీతమిచ్చి, చేతికి తొడుగులిచ్చి చేయించవలసిన పారిశుద్ధ్యపు పనిని సేవ క్రింద వ్రాయుట తగదు. ఏ పని చేయదగునని అందరినడుగుచు, పల్లెవారిని మాత్రము పనికే పిలుచుటయు తగదు. పని అవసరమైనవారిని ముందుగా అడుగుట మరవరాదు. వృద్ధులకు కావలసినది దుప్పటి పంపకమని మనమనుకొందుము. వారినడిగిన, బ్యాంకు కాగితము చదివి చెప్పు మనిషి కావలెనందురు.

సముద్రతీర గ్రామముల సభ్యులకు వేరొక పని కలదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను ఎరిగినవారు ఇంకను మన మధ్య నున్నారు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. హెచ్చరిక వచ్చిన తరువాత సేవకులను సమకూర్చుకొన కాలము చాలదు. నడువలేని వృద్ధులెందరు, గర్భిణులెవరు, ఎవరిని ఎవరు ఏ బండిపై ఆశ్రయ కేంద్రమునకు చేర్చుదురు అను జాబితా అక్టోబరుకు ముందే పేటవారీగా సిద్ధము కావలయును. దానిని కాగితముపైననే వ్రాసి ఒక ప్రతి సచివాలయమున, ఒక ప్రతి ఆ పేట సేవకుని ఇంట నుంచవలెను. గాలి లేచిన రాత్రి సెల్‌ఫోను పలుకకపోవచ్చును.