తెల్లవారుజామున నడకకు వెళ్ళేముందు ఏమి తినాలి?



కొంతకాలం క్రిందట ఒక ఉదయం ఏడు గంటలవేళ, అరవైకి దగ్గరపడిన ఒక పెద్దాయనను ఆటోలో మా క్యాజువాలిటీకి తీసుకువచ్చారు. నడకకు వెళ్ళినాయన మధ్యలో కాళ్ళు తేలిపోయి, రోడ్డు పక్కన గోడకు ఆనుకుని కూర్చుండిపోయారట. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. మాట ముద్దముద్దగా వస్తోంది. పేరు అడిగితే ఇంకేదో చెబుతున్నారు. దారినపోయేవారు "పొద్దున్నే తాగేశాడు పాపం" అనుకుని పక్కకు తప్పుకుని వెళ్ళారట. ఆయనేమో జీవితంలో మద్యం ముట్టని మనిషి, సంఘ పెద్ద. చివరకు ఆయనను ఎరిగిన ఒక పాల కుర్రవాడు గుర్తుపట్టి ఆటో ఎక్కించాడు.

మా సిస్టరు వేలిమీద చుక్క రక్తం తీసి చూస్తే షుగరు 42 ఉంది. 70 కంటే తగ్గితేనే ప్రమాదమని లెక్క. నరములోకి గ్లూకోజు ఎక్కించిన కొద్ది నిమిషాలకే కళ్ళు తెరిచి "నేను ఇక్కడికెలా వచ్చాను?" అని అడిగారు.

జరిగింది ఇది. రాత్రి రెండు పుల్కాలు తిని పడుకున్నారు. ఉదయం నాలుగున్నరకు లేచి, ప్రార్థన చేసుకుని, షుగరు బిళ్ళ వేసుకుని, పరగడుపున గంటసేపు నడవడానికి బయలుదేరారు. "టిఫినుకు ముందు వేసుకోమని మీరే కదండీ చెప్పారు. నడకకు ముందు ఏమీ తినకూడదని అందరూ అంటారు. రెండూ పాటించాను" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. "టిఫినుకు ముందు" అంటే బిళ్ళ వెనకాలే టిఫిను రావాలని అర్థం. మధ్యలో గంట నడక దూరితే ఏమవుతుందో ఆయనకు మేమెవరమూ విడమరచి చెప్పలేదు. ఈ పాఠం వ్రాయడానికి అదే కారణం.

ముందుగా ఒంట్లో జరిగేది తెలుసుకుందాం. రాత్రి ఎనిమిదింటికి భోజనం చేసి నాలుగున్నరకు లేస్తే అప్పటికి ఎనిమిదిన్నర గంటల ఉపవాసం. అయినా మనం పడిపోవడం లేదు. ఎందుకంటే కాలేయములో సుమారు 100 గ్రాముల పిండిపదార్థం నిల్వ ఉంటుంది. రాత్రంతా మెదడుకు, రక్తానికి చక్కెరను అందించేది అదే. తెల్లవారేసరికి ఆ నిల్వ బాగా తగ్గుతుంది. కండరాలలో ఇంతకు మూడు నాలుగు రెట్లు నిల్వ ఉన్నా, అది ఆ కండరాల వాడకానికే గాని రక్తంలోకి రాదు. ఆరోగ్యవంతుడు నడిచేటప్పుడు ఒంట్లో ఇన్సులిన్ దానంతటదే తగ్గి, కాలేయం చక్కెరను విడుదల చేస్తుంది, కొవ్వు కూడా కరుగుతుంది. అందుచేత ఏ జబ్బూ లేనివారు అరగంట, ముప్పావు గంట నడకకు ఏమీ తినకుండా వెళ్ళవచ్చు. ఒక గ్లాసు మంచినీళ్ళు చాలు. లంబసింగి వైపునుండి చలి దిగే రోజుల్లో దాహం తెలియదు గాని, అప్పుడు కూడా ఆ గ్లాసు నీళ్ళు మానవద్దు. కళ్ళు తిరిగే అలవాటున్నవారు ఒక అరటిపండు తిని వెళ్ళండి.

పరగడుపున నడిస్తే కొవ్వు ఎక్కువ కరుగుతుందంటారు. ఆ గంటలో కొంత నిజమే. కాని బరువు తగ్గేది రోజు మొత్తం మీద తిన్నదానిని బట్టి. అరవై కిలోల మనిషి గంటసేపు మామూలు వేగంతో నడిస్తే ఖర్చయ్యేది 200 క్యాలరీలకు కాస్త అటూఇటూ. తిరుగుదారిలో హోటలు దగ్గర ఆగి ఒక ప్లేటు బజ్జీలు తింటే లెక్క సరిపోతుంది, పైగా మనమే బాకీ పడతాం.

ఇక షుగరు ఉన్నవారి సంగతి. వీరందరికీ ఒకే మాట చెప్పడం కుదరదు. మీరు వేసుకునే మందు ఏమిటన్నదే ముఖ్యం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి నడకలో షుగరు పడిపోయే భయం చాలా తక్కువ. కాని గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి బిళ్ళలు, ఇన్సులిన్ సూదిమందు వేరు. ఇవి మీరు తిన్నా తినకపోయినా షుగరును దించుతూనే ఉంటాయి. నడక కూడా దించుతుంది. కడుపులో ఏమీ లేనప్పుడు రెండూ కలిస్తే పెద్దాయనకు జరిగినదే జరుగుతుంది. పైగా ఈ బిళ్ళల పని గంటలకొద్దీ సాగుతుంది. అందుకే తేరుకున్నాక కూడా ఆయనను ఆ పగలు, ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచి చూశాం. "బాగానే ఉన్నాను కదా, పంపించెయ్యండి" అని ఆయన, "ఆదివారం ఆరాధనకు వెళ్ళాలి" అని ఇంటివారు తొందరపెట్టారు. మేము ఒప్పుకోలేదు.

ఇటువంటి మందులు వాడేవారికి అన్నిటికంటే సులువైన మార్గం నడక ముగించుకుని వచ్చి, టిఫిను పళ్ళెం ముందు కూర్చున్నాక మందు వేసుకోవడం. చాలామందికి ఈ మార్పు కుదురుతుంది. అయితే డాక్టరుగారిని అడిగే మార్చుకోండి. ఇంట్లో షుగరు మిషను ఉంటే బయలుదేరే ముందు ఒకసారి చూసుకోండి. 90 కంటే తక్కువ ఉంటే 15 నుండి 30 గ్రాముల పిండిపదార్థం కడుపులో పడాలి. అంటే ఒక చిన్న అరటిపండు, లేదా నాలుగు మేరీ బిస్కెట్లు, లేదా ఒకటి రెండు ఇడ్లీలు. తిన్నాక పది, పదిహేను నిమిషాలు ఆగి బయలుదేరండి. మిషను లేనివారు, ముందురోజు రాత్రి తక్కువ తిన్నవారు, షుగరు పడిపోయిన అనుభవం ఇంతకుముందు ఉన్నవారు చూసుకునే పని లేకుండా ఏదైనా కొద్దిగా తినే వెళ్ళాలి. 250 దాటి ఉండి, వాంతులు, ఆయాసం, నీరసం ఉంటే ఆ రోజు నడక మాని ఆసుపత్రికి రండి.

ఇన్సులిన్ తొడకు పొడుచుకుని వెంటనే నడిస్తే మందు త్వరగా రక్తంలో కలుస్తుంది. నడక ఉన్న పూట పొట్టకు వేసుకోవడం మేలు.

చోడి అంబలి తాగి వెళ్ళవచ్చా అని మన ప్రాంతంవారు తప్పక అడుగుతారు. తాగవచ్చు. చోళ్ళలో ఉన్నంత సున్నం మరే ధాన్యంలోనూ లేదు. కాని "చోళ్ళు కాబట్టి షుగరు పెరగదు" అన్న మాట సరికాదు. మెత్తని పిండిని పలుచగా కాచి తాగితే త్వరగానే అరుగుతుంది, షుగరునూ పెంచుతుంది. నడకకు ముందు అర గ్లాసు చాలు. అందులో అనకాపల్లి బెల్లం వేసుకుంటే పంచదార కాదుగదా అని ధైర్యపడవద్దు. షుగరు విషయంలో బెల్లం, పంచదార తోడబుట్టినవే. మజ్జిగ, ఉప్పు కలుపుకోండి, బీపీ ఉంటే ఉప్పు తగ్గించి.

నడకకు వెళ్ళేవారి జేబులో మూడు చెంచాల పంచదార గాని గ్లూకోజు పొడి గాని పొట్లం కట్టి ఉండాలి. చేతులు వణకడం, గుండె దడ, చెమటలు, ఒక్కసారిగా ఆకలి, చూపు మసకబారడం కనబడితే అక్కడే కూర్చుని ఆ పొడి నోట్లో వేసుకుని నీళ్ళు తాగండి. పదిహేను నిమిషాలలో తగ్గకపోతే మరోసారి. చాక్లెట్టు దీనికి పనికిరాదు, అందులోని కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తుంది. తేరుకున్నాక టిఫిను తినాలి. బీపీకో గుండెకో అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి బిళ్ళలు వాడేవారికి దడ, వణుకు సరిగా తెలియవు. చెమటే ముఖ్యమైన ఆనవాలు. చూసేవారికి ఒక మాట: స్పృహ తప్పినవారి నోట్లో నీళ్ళు గాని పంచదార గాని పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి.

థైరాయిడ్ బిళ్ళ వాడే సోదరీమణులకు ఉదయపు నడక ఒక విధంగా కలిసివచ్చేదే. ఆ బిళ్ళ పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని కనీసం అరగంట నుండి గంట ఏమీ తినకూడదు. ఆ వ్యవధిలో నడిచి రావచ్చు. బిళ్ళ మీద వెంటనే టీ, కాఫీ తాగేస్తే ఒంటికి పట్టేది తగ్గుతుంది. చింతపల్లి కాఫీ ఎంత మంచిదైనా సరే, కాసేపు ఆగండి.

ఇప్పుడు మన యువకులు. పోలీసు కానిస్టేబులు పరీక్షకు 1600 మీటర్ల పరుగు అబ్బాయిలు 8 నిమిషాలలో, అమ్మాయిలు పదిన్నర నిమిషాలలో పూర్తిచేయాలి. చీకటితోనే మైదానంలో సాధన చేసే మన సంఘాల పిల్లలు పచ్చిగుడ్లు కొట్టుకుని తాగుతున్నారని విన్నాం. మానండి. పచ్చిగుడ్డులోని మాంసకృత్తులు ఉడికినదానంత బాగా ఒంటికి పట్టవు, పైగా విరేచనాల సూక్ష్మజీవులు ఉండవచ్చు. పరుగుకు ముందు గుడ్డు అవసరమే లేదు. ఎనిమిది నిమిషాల పరుగుకు కావలసిన ఇంధనం ముందురోజు రాత్రి తిన్న అన్నమే. రాత్రి భోజనం మానేసి ఉదయం గ్లూకోజు ప్యాకెట్టు తాగితే ఉపయోగం లేదు. ముప్పావు గంట ముందు ఒక అరటిపండు, కొద్దిగా నీళ్ళు. పరీక్ష రోజున కొత్తది ఏదీ తినవద్దు. గుడ్లు, ఉడికించిన శనగలు, ఇడ్లీ పరుగు తరువాత తినండి. ఎంత సాధన చేసినా ఆయాసం తగ్గని ఆడపిల్లలకు ముందుగా రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనతే. దానికి మందు కావాలి, అరటిపండుతో తీరేది కాదు.

శ్రమదినాలలోను, శుక్రవారపు ఉపవాస ప్రార్థనలకును కొందరు ఉదయాన్నే కాలినడకన వస్తారు. రాజులు మొదటి గ్రంథము 19వ అధ్యాయములో ఏలీయా అలసి చెట్టు క్రింద పడుకున్నప్పుడు దేవదూత వచ్చి ముందుగా రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. ప్రయాణం చెప్పింది ఆ తరువాతే. ఆయన నలువది దినములు నడిచింది ఆ భోజనపు బలముతోనే. ఇన్సులిన్, పైన చెప్పిన బిళ్ళలు వాడేవారు ఉపవాసం ఉండదలిస్తే వారం ముందుగానే వచ్చి మమ్మల్ని కలవండి. మందు మోతాదు మార్చవలసి ఉంటుంది. ఉపవాసపు రోజున నడక వద్దు. షుగరు పడిపోతే వెంటనే ఉపవాసం విరమించండి. మీ పాస్టరుగారికి ముందే చెప్పి ఉంచితే మొహమాటం ఉండదు.

ఫాస్టింగ్ రక్తపరీక్షకు వచ్చే రోజు కూడా ఇంతే. షుగరు మందు వేసుకోకుండా, నడక లేకుండా రండి. టిఫిను డబ్బా, మందులు వెంట తెచ్చుకుని, రక్తం ఇచ్చాక ముందు మందు, వెంటనే టిఫిను తీసుకోండి.

ఈసారి చెకప్‌కు వచ్చేటప్పుడు మీ మందుల స్ట్రిప్పులతోపాటు ఒక చిన్న కాగితం కూడా తీసుకురండి. ఎన్ని గంటలకు లేస్తారు, బిళ్ళ ఎప్పుడు వేసుకుంటారు, ఎప్పుడు నడుస్తారు, ఎప్పుడు తింటారు, ఈ నాలుగూ వ్రాసి ఓపీ చీటీకి జతచేయండి. చదువు రానివారు మా సిస్టర్లకు చెబితే వారే వ్రాస్తారు.