గోడలా నిలిచిన పాల్

ఫుట్‌బాల్ ఆటలో జట్టుకు 11 మంది ఉంటారు. బంతిని కాలితో తన్ని ఎదుటివారి గోల్‌లోకి పంపాలి. కొందరు గోల్ కొట్టడానికి ముందుకు ఉరుకుతారు. కొందరు వెనక నిలిచి, ఎదుటివారిని అడ్డుకుంటారు. అలా అడ్డుకోవడంలో గొప్ప పేరు పొందినవాడు పాల్ మెక్‌గ్రాత్. అతనిది ఐర్లండ్ దేశం.

పాల్ తల్లి ఐర్లండ్ మనిషి. తండ్రిది ఆఫ్రికాలోని నైజీరియా. వాళ్లకు పెళ్లి కాలేదు. బిడ్డ పుట్టేనాటికి తండ్రి దగ్గర లేడు. ఇంట్లో తెలిస్తే ఊరుకోరని ఆమె భయపడింది. ఎవరికీ చెప్పకుండా లండన్ వెళ్లింది. 1959లో అక్కడ పాల్ పుట్టాడు. కొన్ని వారాలకే బిడ్డను పరాయివాళ్ల పెంపకానికి ఇచ్చేసింది. పాల్ డబ్లిన్ నగరంలో, అనాథాశ్రమాల్లో పెరిగాడు.

పెద్దయ్యాక రేకుల పని నేర్చుకున్నాడు. కొన్నాళ్లు కాపలా కాశాడు. 1982లో ఇంగ్లండులోని పెద్ద జట్టు మాంచెస్టర్ యునైటెడ్ అతన్ని తీసుకుంది. పేరు వచ్చింది. డబ్బు వచ్చింది. కానీ తాగుడు పట్టుకుంది. మోకాళ్లు దెబ్బతిన్నాయి. మొత్తం ఎనిమిదిసార్లు ఆపరేషన్ చేశారు.

1989లో ఆ జట్టువాళ్లు, "ఇక ఆట మానుకో, డబ్బు ఇస్తాం" అన్నారు. పాల్ ఒప్పుకోలేదు. ఆస్టన్ విల్లా అనే జట్టులో చేరాడు. అక్కడ అతని మోకాళ్ల బాధ అర్థం చేసుకున్నారు. రోజూ అందరితోపాటు పరుగెత్తక్కరలేదన్నారు. 1993లో ఇంగ్లండులోని ఆటగాళ్లు ఓట్లు వేసి, ఆ ఏటి మేటి ఆటగాడిగా పాల్‌నే ఎన్నుకున్నారు.

1994లో అమెరికాలో ప్రపంచ కప్పు పోటీలు జరిగాయి. ఐర్లండ్ ఇటలీతో తలపడింది. ఇటలీ అప్పటికే మూడుసార్లు కప్పు గెలిచిన జట్టు. ఐర్లండ్ మొదట్లోనే ఒక గోల్ కొట్టింది. ఇక దాన్ని కాపాడుకోవాలి. పాల్‌కు భుజం నొప్పి. అయినా కాలు అడ్డం పెట్టాడు, తల అడ్డం పెట్టాడు. చివరికి ముఖం కూడా అడ్డం పెట్టాడు. ఐర్లండ్ గెలిచింది.

పాల్ తన దేశం తరఫున 83 ఆటలు ఆడాడు. 1998లో ఆట మానేశాడు.

ఇటలీని ఆపినవాడు తన తాగుడును ఆపలేకపోయాడు. తాగుడు వల్ల కొన్ని ఆటలకు రాలేకపోయాడు. కాపురం చెడింది. 2006లో అతని జీవితకథ పుస్తకంగా వచ్చింది. అందులో పాల్ ఇవన్నీ దాచకుండా చెప్పాడు. తాగుడు బలవంతుణ్ణి కూడా పడగొడుతుంది. దాచుకుంటే అది తగ్గదు. బయటికి చెప్పి, సాయం అడగాలి.

జవాబులు రాయండి
1. పాల్ తల్లి లండన్ ఎందుకు వెళ్లింది?
2. ఆస్టన్ విల్లా జట్టు పాల్‌కు ఎలా సాయపడింది?

మాట్లాడుకోండి
బిడ్డకు తల్లీ తండ్రీ ఇద్దరూ ఉంటారు. నింద మాత్రం తల్లిమీదే ఎందుకు పడుతుంది?