కుక్క కాటు టీకా: రెండు డోసులతో ఆపేయవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి తొమ్మిదేళ్ళు. వీధికుక్క పిక్క మీద కరిచి రక్తం కారింది. ప్రభుత్వాసుపత్రిలో రెండు జబ్బలకూ టీకా వేసి, గాయంలో కూడా ఇంకేదో మందు పొడిచారు. వాడు గిలగిల్లాడిపోయాడు. మూడో రోజు టీకా కూడా అయింది. ఏడో రోజు, 28వ రోజు మళ్ళీ రమ్మన్నారు. పిల్లాడు హుషారుగానే ఉన్నాడు, ఇక చాలంటున్నారు మా అత్తగారు. మానేయవచ్చా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: మానవద్దమ్మా. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించుకోవడం దాదాపు అసాధ్యం. ఇప్పుడు హుషారుగా ఉన్నాడన్నది ధైర్యం చెప్పే గుర్తు కాదు.

గాయంలో పొడిచింది ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు. టీకా వల్ల బాబు ఒంట్లో సొంత యాంటీబాడీలు తయారవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అంతవరకు వైరస్ నరంలోకి ఎక్కకుండా గాయం దగ్గరే అడ్డుకునేది ఆ మందే.

అంత ఆలస్యం ఎందుకో చెబుతాను. యాంటీబాడీలను తయారుచేసేవి బి కణాలు. ఇవి ఎముకల మూలుగలో పుడతాయి. పుట్టేటప్పుడే ప్రతి కణమూ తన జన్యువు ముక్కలను ఎలా పడితే అలా కలిపి అతికించుకుని, పక్కదానికి లేని రిసెప్టర్ (వైరస్ లాంటివాటిని పట్టుకునే కొక్కెం) ఒకటి తయారుచేసుకుంటుంది. ఈ సంగతి కనిపెట్టిన సుసుము టోనెగావాకు 1987లో నోబెల్ బహుమతి వచ్చింది. మన ఒంటినే పట్టుకునే కణాలు చాలావరకు మూలుగలోనే ఏరివేతకు గురవుతాయి. మిగిలినవి ప్లీహానికి, లింఫ్ గ్రంథులకు చేరతాయి. అంటే కుక్క కరవకముందే, రేబిస్ వైరస్‌ను పట్టగల కణాలు మీ బాబు ఒంట్లో ఉన్నాయి! వైద్యం చదివి ఇన్నేళ్ళయినా నాకు ఇది అబ్బురంగానే ఉంటుంది. కాకపోతే అవి చాలా కొద్ది.

టీకాలోని చచ్చిన వైరస్ చంకలోని గ్రంథులకు చేరుతుంది. (కొందరికి అక్కడ బిళ్ళ కట్టినట్టు నొప్పిగా ఉంటుంది, కంగారు పడకండి.) అక్కడ దాన్ని పట్టిన బి కణం లోపలికి లాక్కుని, ముక్కలు చేసి, పైన ప్రదర్శిస్తుంది. అదే వైరస్‌ను గుర్తించిన సహాయక టి కణం వచ్చి ఊతమిస్తేనే అది పూర్తిగా చురుకెక్కి, వందలు వేలుగా పెరుగుతుంది. కొన్ని వెంటనే ఐజీఎం యాంటీబాడీలు వదులుతాయి. మరికొన్ని గ్రంథిలోనే ఆగి జన్యువుల్ని మళ్ళీ మార్చుకుంటాయి. వైరస్‌ను గట్టిగా పట్టేవే ఈ వడపోతలో నిలిచి, మెరుగైన ఐజీజీని తయారుచేస్తాయి. వారాలు పట్టే పని ఇది. తర్వాతి డోసులు అందుకు దన్ను. వాటిని ఎగ్గొడితే రక్షణ అరకొరగా మిగలవచ్చు.

మరో మాట. కుక్క కరిచిన గాయానికి కారం, సున్నం పెట్టడం మన ఊళ్ళలో ఇంకా చూస్తున్నాను. దయచేసి పెట్టవద్దు. ధారగా పడే నీళ్ళలో సబ్బుతో పదిహేను నిమిషాలు కడగడమే మొదటి వైద్యం.

ప్రశ్న: మూడేళ్ళ క్రితం కుక్క కరిస్తే కోర్సు మొత్తం వేయించుకున్నాను. నిన్న ఇంకో కుక్క గీరి రక్తం వచ్చింది. మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాలా?
– ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: అక్కర్లేదు, అలాగని ఊరుకోకూడదు. అప్పటి వడపోతలో నెగ్గిన కణాల్లో కొన్ని జ్ఞాపక బి కణాలుగా మీలో ఉండిపోయాయి. టీకా తగలగానే అవి కొద్ది రోజుల్లోనే యాంటీబాడీలు పెంచుతాయి. అందుకే ఇమ్యునోగ్లోబ్యులిన్ లేకుండా ఈరోజు ఒకటి, మూడో రోజు ఒకటి, రెండు డోసులు సరిపోతాయి. పాత టీకా చీటీ వెంట తీసుకెళ్ళండి. కోర్సు పూర్తయిందనే ఆధారం లేకపోతే మాత్రం మొత్తం మళ్ళీ వేయించుకోవాల్సిందే.